చెన్నైలో చేపల తొట్టి: నీళ్ళ గురించీ, చేపల వింత నడవడి గురించీ తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం చేపల దుకాణాలున్న కొళత్తూరు వెళ్ళి సంచిలో చేపలు తెచ్చుకున్నవాళ్ళు నాకు ఫోను చేసేది ఎక్కువగా బుధవారం. "చేప ఒరిగిపోయింది, ఏ మందు వెయ్యాలి?" అని అడుగుతారు. నేను తిరిగి అడిగే మొదటి మాట "నీళ్ళు ఎక్కడివి?" అని. మా నాన్నగారు భీమవరం పక్కన చెరువులు చేసేవారు. చేపకి బాగాలేదంటే ఆయన చేపని పట్టేముందు నీళ్ళు దోసిట్లోకి తీసి చూసేవారు. పదిహేనేళ్ళుగా ఈ ఊళ్ళో తొట్లు పెంచుతున్నాక నాకూ అదే అలవాటైంది. మందు కోసం పరిగెత్తించిన చేపల్లో చాలావాటికి జబ్బు ఉండదు, నీళ్ళే సరిపడి ఉండవు. వచ్చిన ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కనక ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వాళ్ళు నేరుగా వెళ్ళొచ్చు.

## తొట్టి పెట్టేముందు

మా ఇంట్లో మెట్రో వాటర్ (ఊరి కుళాయి నీళ్ళు) వస్తుంది, బోరు ఉంది, వేసవిలో లారీ కూడా పోయిస్తాం. చేపలకి ఏది మంచిది?

మూడింటితోనూ పెంచొచ్చు. వారానికొకటి మార్చి పోస్తే మాత్రం చేప తట్టుకోదు. మెట్రో నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. పైగా అవి ఒకచోటివి కావు. పూండి, పుళల్, చెంబరంబాక్కం చెరువులవి, వీరాణం నుంచి వచ్చేవి, కండలేరు కాలువలో దిగే మన కృష్ణా నీళ్ళు, మీంజూరు, నెమ్మేలిలో ఉప్పు తీసిన సముద్రపు నీళ్ళు, అన్నీ ఊరికి చేరతాయి. మీ వీధికి ఏవి వస్తాయన్నది కాలాన్ని బట్టి మారుతుంది.

బోరు నీళ్ళలో క్లోరిన్ బెడద లేదు, కానీ చాలాచోట్ల బకెట్టుకి తెల్లటి పొలుసు కట్టేంత గట్టి నీళ్ళు. మోలీ, గప్పీ, ప్లాటీ చేపలకి అవి బాగా పడతాయి. నియాన్ టెట్రాలకి పడవు. నేల లోపలి నుంచి అప్పుడే పైకొచ్చిన బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువగా, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉండొచ్చు. అందుకే ఒక రాత్రి టబ్బులో పట్టి, ఎయిర్ పంపు పెట్టి, పొద్దున వాడండి. లారీ నీళ్ళు ఏ పూట ఏ బావివో తెలియదు. అవి తప్పకపోతే ఒక్కసారికి తొట్టిలో పదో వంతు మించి మార్చకండి.

ఆర్వో నీళ్ళు, క్యాన్ నీళ్ళు పోస్తే స్వచ్ఛంగా ఉంటాయి కదా?

మనం తాగడానికి సరే. ఆర్వోలో నీటితోపాటు ఉండాల్సిన ఖనిజాలు కూడా పోతాయి. నీటిలో ఆమ్లగుణం ఎంతో చెప్పే కొలత పీహెచ్, అది తగ్గితే ఆమ్లం పెరిగినట్టు. దాన్ని నిలబెట్టే కార్బొనేట్లు లేని నీటిలో పీహెచ్ రెండు వారాల్లో జారిపోవచ్చు. బోరు నీళ్ళు మరీ గట్టివైతే సగం ఆర్వో, సగం బోరు కలపండి. ఉత్త ఆర్వోతో తొట్టి నింపకండి.

రెండడుగుల తొట్టిలో ఎన్ని చేపలు వేయొచ్చు?

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే సుమారు 56 లీటర్లు. రాళ్ళూ, పైన వదిలే ఖాళీ పోగా 45 లీటర్లు మిగులుతాయి. ఎనిమిది పది గప్పీలు హాయిగా బతుకుతాయి. గోల్డ్ ఫిష్‌కి ఈ తొట్టి చాలదు. అవి చాలా మలినం వదులుతాయి, చాలా పెరుగుతాయి. గాజు గిన్నెలో గోల్డ్ ఫిష్‌ని దయచేసి పెట్టకండి.

## మొదటి ఆరు వారాలు

కొత్త తొట్టి, కొత్త నీళ్ళు, అద్దంలా ఉన్నాయి. అయినా మూడో రోజుకే చేపలు ఎందుకు చనిపోతున్నాయి?

నాకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. చేప మొప్పల్లోంచీ, మలంలోంచీ, తినకుండా మిగిలిన మేతలోంచీ అమ్మోనియా పుడుతుంది. అది కంటికి కనపడదు. చెరువు మట్టిలో దాన్ని తిని బతికే బాక్టీరియా ఎప్పటినుంచో ఉంటుంది. నిన్న కడిగి పరిచిన గులకరాళ్ళ మీద ఇంకా ఏమీ లేదు. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకి విషం. నైట్రేట్‌ను మాత్రం కొంత మోతాదు వరకూ భరిస్తుంది. ఈ రెండు రకాలూ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

పీహెచ్ పెరిగేకొద్దీ, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషభాగం పెరుగుతుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే ఆ భాగం నూటికి ఒకటి లోపే. పీహెచ్ 8 అయితే నూటికి ఏడు దాటుతుంది. చెన్నై వేడి, బోరు నీటి పీహెచ్ రెండూ కలిశాయంటే చల్లటి ఊళ్ళో చేప తట్టుకునే అమ్మోనియా ఇక్కడ ప్రాణం తీస్తుంది.

చేప లేకుండానే ఫిల్టర్ నడపండి. రోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనివ్వండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ పెరిగి మళ్ళీ సున్నాకి దిగాక చేపల్ని తేండి. తొందరగా కావాలంటే ఆరోగ్యంగా నడుస్తున్న స్నేహితుల తొట్టి నుంచి మురికి స్పాంజి ముక్క ఒకటి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. పాలకి తోడు వేయడం లాంటిదే ఇది. దారిలో స్పాంజి ఆరిపోకూడదు.

చేపలు ఇప్పటికే తొట్టిలో ఉంటే మేత సగానికి తగ్గించి, రోజూ పావు వంతు నీళ్ళు మార్చుతూ ఈ ఆరు వారాలూ దాటించండి.

నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. మొత్తం పారబోయాలా?

వద్దు. కొత్త తొట్టిలో నీటిలో తేలే బాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల అలా అవుతుంది. మేత తగ్గించి, గాలి పెంచి నాలుగైదు రోజులు ఆగండి. మొత్తం పారబోస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

టీడీఎస్ మీటరు ఉంది. దాంతో నీళ్ళు బాగున్నాయని తెలుస్తుందా?

తెలియదు. నీటిలో కరిగినవన్నీ కలిపి ఎంతో అది చెబుతుంది. అందులో విషమెంత, సున్నమెంత అన్నది చెప్పదు. టీడీఎస్ 300 చూపించే తొట్టిలో చేపలు ఆడుతూ ఉండొచ్చు, అదే 300 చూపించే ఇంకో తొట్టిలో అమ్మోనియాతో చస్తూ ఉండొచ్చు. చుక్కలు వేసి రంగు చూసే కిట్ కొనండి. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్, ఈ నాలుగూ చాలు. కుదురుకున్న తొట్టిలో మొదటి రెండూ సున్నా ఉండాలి, నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకి 40 మిల్లీగ్రాములు) లోపు ఉండాలి. చేపల మీద పెట్టే ఖర్చులో ముందు దీనికి పెట్టమంటాను. కాగితపు స్ట్రిప్పులు మన ఉక్కపోతకి తేమ పట్టి తప్పు రంగు చూపిస్తాయి.

కొత్త చేప తెచ్చినప్పటి నుంచీ మూలన దాక్కుంటోంది, మేత ముట్టట్లేదు. జబ్బా?

రెండు రోజులు లైటు ఆపి వదిలేయండి. కొళత్తూరు నుంచి వేళచ్చేరికి బండి మీద సంచిలో ఊగుతూ వచ్చిన చేపకి ఆ మాత్రం భయం ఉంటుంది. ఒకటి రెండు రోజులు మేత ముట్టకపోతే ప్రమాదమేమీ లేదు.

తెచ్చిన రోజున చేసే పొరపాటు మాత్రం నిజంగా హాని చేస్తుంది. మూసిన సంచిలో చేప ఊపిరితో వదిలే బొగ్గుపులుసు వాయువు వల్ల పీహెచ్ తగ్గుతుంది, దాంతో అమ్మోనియా అంతగా బాధించదు. సంచి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా ఒక్కసారి విషమవుతుంది. అందుకని ప్రయాణం గంటలు పట్టిన సంచిని తెరిచి అలా ఉంచకండి. మూసిన సంచిని పదిహేను నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, విప్పాక కాసిని తొట్టి నీళ్ళు కలిపి, చేపని వలతో తీసి వేసేయండి. సంచి నీళ్ళు తొట్టిలో పోయకండి.

## చేప వింతగా ప్రవర్తిస్తోందంటే

పొద్దున్నే చూస్తే అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆక్సిజన్ మోటారు నడుస్తూనే ఉందే?

గోదావరి జిల్లాల చెరువు గట్ల మీద "చేప తేలింది" అంటారు. తెల్లవారుజామున రైతు టార్చిలైటు పట్టుకుని గట్టు చుట్టూ తిరిగేది దీన్ని చూడ్డానికే. రాత్రంతా మొక్కలూ, నాచూ, బాక్టీరియా, చేపలూ అన్నీ ఆక్సిజన్ వాడుకుంటాయి, వెలుగు లేదు కనక మొక్కలు తయారు చెయ్యవు. తెల్లవారేసరికి నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. మన ఎండకి ఇది ఇంకా కష్టం. 25 డిగ్రీల నీటిలో లీటరుకి 8.2 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 32 డిగ్రీల్లో 7.3 మాత్రమే. వేడికి చేప ఊపిరి అవసరమేమో పెరుగుతుంది.

మోటారు తిరుగుతుంటే సరిపోదు, నీటి పైభాగం కదలాలి. గట్టి నీళ్ళకి బుడగల రాయి రంధ్రాలు పొలుసుతో మూసుకుపోతాయి. నాలుగు బుడగలు వస్తుంటాయి, పైన నీళ్ళు మాత్రం నిలిచి ఉంటాయి. రాయి మార్చండి. ఫిల్టర్ ధార నీటి మట్టానికి కాస్త పైనుంచి పడేలా పెట్టండి.

తెల్లవారుజామున తేలి పది గంటలకల్లా మామూలైతే అది ఆక్సిజన్ లోటు. రోజంతా అలాగే ఉంటే నైట్రైటో అమ్మోనియానో అనుకుని పరీక్ష చేయండి. నైట్రైట్ చేప రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని చెడగొడుతుంది. మొప్పలు ఎరుపు పోయి గోధుమ రంగుకి తిరుగుతాయి, నీటిలో ఎంత ఆక్సిజన్ ఉన్నా చేపకి అందదు. వెంటనే మూడో వంతు నీళ్ళు మార్చి, లీటరుకి ఒక గ్రాము చొప్పున రాళ్ళ ఉప్పు కరిగించి పోయండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోకి పోనివ్వదు.

ఫైటర్, గౌరామీ చేపలు మాత్రం ఎప్పుడూ పైకొచ్చి గాలి పీలుస్తాయి. అది వాటి ఒంటి తీరు. అడుగున తిరిగే కోరీ చేప కూడా అప్పుడప్పుడు రివ్వున పైకొచ్చి గుటకేసి వెళుతుంది. భయపడకండి.

రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటోంది. దురదా?

రోజుకి ఒకసారి రెండుసార్లు అయితే పట్టించుకోకండి. గంటకి పదిసార్లు అంటే మొప్పలో, చర్మంలో మంట ఉందని. నీళ్ళు మార్చిన మర్నాడు మొదలైతే క్లోరిన్ లేదా పీహెచ్ తేడా. కొత్త చేప వేసిన వారానికి మొదలైతే పరాన్నజీవి. రెండిటికీ ముందు అమ్మోనియా చూడండి.

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వచ్చాయి.

ఇది నిజంగా జబ్బే, ఇక్ అంటారు. ఒక సూక్ష్మజీవి చర్మం కింద దూరి పెరుగుతుంది. పెరిగాక రాలి అడుగున పడి, చీలి వందలుగా మారి, ఈదుతూ మళ్ళీ చేపని పడుతుంది. మందైనా ఉప్పైనా ఆ ఈదే దశలోనే చంపుతుంది. చుక్కలు పోయాయని మూడో రోజున మందు ఆపేస్తే మళ్ళీ రావడం అందుకే.

లీటరుకి 2 గ్రాముల రాళ్ళ ఉప్పు ఒక రోజంతా మూడు విడతల్లో కరిగించి పోయండి. నీళ్ళు మార్చినప్పుడు తీసిన నీటికి సరిపడా ఉప్పు మళ్ళీ కలపండి. చుక్కలు పూర్తిగా పోయాక కూడా వారం ఉంచండి. ఉప్పుకి మొక్కలు పాడవుతాయి. మొక్కల తొట్టి అయితే చేపలన్నిటినీ వేరే టబ్బులోకి మార్చి అక్కడ చేయండి. చేప దొరక్క ఖాళీ తొట్టిలో ఆ జీవి మన వేడికి వారం పది రోజుల్లో చస్తుంది. కొత్త చేపని మూడు వారాలు విడిగా ఉంచే ఇంట్లో ఇది రావడం చాలా తక్కువ.

గోల్డ్ ఫిష్ తలకిందులుగా తేలుతోంది.

గుండ్రటి పొట్ట ఉన్న రకాలకి ఎక్కువ. మేత ఎక్కువై, లేదా మలబద్ధకంతో పొట్ట ఉబ్బి, లోపలి గాలితిత్తిని నొక్కుతుంది. రెండు రోజులు పస్తు పెట్టండి. మూడో రోజు ఉడికించి తొక్క తీసిన బఠాణీ చిన్న ముక్కలు చేసి వేయండి. గుళికల మేతని వేసేముందు నానబెట్టండి. పొలుసులు అనాసపండు మీద ముళ్ళలా లేచి ఉంటే మాత్రం సమస్య లోపల చాలా ముదిరిందని అర్థం, బఠాణీతో తగ్గదు.

ఆస్కార్ చేప పక్కకి పడుకుని కదలట్లేదు. చచ్చిపోతోందా?

తొట్టి సర్దారా, నీళ్ళు ఎక్కువగా మార్చారా? ఆస్కార్ అలుగుతుంది. మొప్పలు మామూలుగా ఆడుతుంటే వదిలేయండి. క్లౌన్ లోచ్ కూడా పక్కకి పడుకునే నిద్రపోతుంది.

నీళ్ళు మార్చిన గంటలోపే చేపలు పిచ్చెక్కినట్టు పరిగెడుతున్నాయి.

క్లోరిన్. ఎన్నో ఏళ్ళుగా అలాగే పోస్తున్నా ఏం కాలేదంటారు. మీ అపార్టుమెంటులో సంపు, మేడ మీది ట్యాంకు బ్లీచింగ్ పౌడరుతో కడిగిన వారం ఎప్పుడో కనుక్కోండి. చాలాసార్లు అదే రోజు దొరుకుతుంది. పెద్ద వానలు, వరదల తరవాత సరఫరా నీటిలోనూ క్లోరిన్ పెంచవచ్చు.

యాంటీ క్లోరిన్ చుక్కలు వెంటనే తొట్టి మొత్తం నీటికి సరిపడా వేసి, గాలి బాగా పెట్టండి. ఆ చుక్కల్లో సాధారణంగా ఉండేది సోడియం థయోసల్ఫేట్. లీటరులో ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌ను విరవడానికి ఆ స్ఫటికాలు ఏడు మిల్లీగ్రాములు కావాలి. కాబట్టి బ్లీచింగ్ వేసిన వారం మామూలు మోతాదు చాలకపోవచ్చు. వీలైతే ఆ వారం నీళ్ళే మార్చకండి.

నీళ్ళు మార్చలేదు, కొత్త చేప వేయలేదు. ఉన్నట్టుండి అన్నీ వణుకుతూ గింగిరాలు తిరుగుతున్నాయి.

ఇంట్లో దోమల మందో బొద్దింకల మందో కొట్టారా? వీధిలో పొగ కొట్టారా? ఈ మందుల్లో ఎక్కువగా ఉండే పైరెత్రాయిడ్లు మనుషులకన్నా చేపలకి ఎన్నో రెట్లు విషం. మీ ఎయిర్ పంపు గదిలోని గాలినే పీల్చి నీటిలోకి తోస్తుంది. వెంటనే కిటికీలు తెరిచి, పంపుని శుభ్రమైన గాలి వచ్చే చోటికి మార్చి, క్లోరిన్ విరిచిన నీటితో సగం మార్చండి. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ (విషాన్ని పీల్చుకునే బొగ్గు) వేయండి. పెస్ట్ కంట్రోల్ వాళ్ళు వచ్చే రోజు తొట్టి మీద ప్లాస్టిక్ షీటు కప్పి, పంపుని వేరే గదిలో పెట్టి పొడుగు గొట్టం వేయండి. దోమల లిక్విడ్ మిషను తొట్టి పక్క ప్లగ్గులో ఎప్పుడూ పెట్టకండి.

## ఎండ, తుఫాను, కరెంటు

మే నెలలో తొట్టి నీళ్ళు గోరువెచ్చగా ఉంటున్నాయి. ఐసు వేయొచ్చా?

నేరుగా వద్దు. గంటలో మూడు నాలుగు డిగ్రీలు పడితే వేడి కన్నా అదే ఎక్కువ హాని. మూత తీసి, పైన సన్నటి వల కట్టి, టేబుల్ ఫ్యాను నీటి మీదికి పెట్టండి. ఆవిరైపోయే నీళ్ళతోపాటు రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. కుండలో నీళ్ళు చల్లబడేది ఇలాగే. కాకపోతే సముద్రపు ఉక్క ఎక్కువున్న రోజున ఫలితం కొంచెం తక్కువ. తగ్గిన మట్టాన్ని రోజూ కొద్దికొద్దిగా నింపండి. కత్తిరి ఎండలు (మే నెల మండుటెండలు) పోయేదాకా లైటు నాలుగైదు గంటలే వేసి, మేత తగ్గించండి.

తుఫాను వచ్చి కరెంటు రోజంతా పోతే ఏం చేయాలి?

2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానులో ఊళ్ళో చాలాచోట్ల రోజుకి పైగానే కరెంటు లేదు. అప్పుడు మా వీధిలో నిలబడిన తొట్లన్నీ తక్కువ చేపలున్నవే. మేత పూర్తిగా ఆపండి. చేప వారం పస్తున్నా బతుకుతుంది, అదే మేత వేస్తే ఆక్సిజన్ ఖర్చవుతుంది. గంటకోసారి చెంబుతో తొట్టి నీళ్ళే తీసి ఎత్తు నుంచి పోయండి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి అక్టోబరులోనే కొని పెట్టుకోండి.

మూసి ఉండే డబ్బా ఫిల్టర్ గంటల తరబడి ఆగితే లోపలి బాక్టీరియా ఊపిరాడక చస్తుంది, నీళ్ళు కుళ్ళు వాసన వేస్తాయి. కరెంటు వచ్చాక ఆ నీళ్ళు తొట్టిలోకి రాకుండా డబ్బా విప్పి, పాత నీళ్ళు పారబోసి, స్పాంజిని తొట్టి నీటిలో జాడించాకే ఆన్ చేయండి.

## పాత తొట్టి

ఏడాదిగా పాత చేపలు బాగున్నాయి. కొత్తవి వేస్తే మాత్రం రెండు రోజుల్లో పోతున్నాయి.

మీరు ఆవిరైన నీటికి బదులు పోస్తున్నారే తప్ప పాత నీళ్ళు తీయట్లేదనుకుంటాను. బాక్టీరియా పని చేస్తున్నకొద్దీ నీటిలోని కార్బొనేట్లు ఖర్చవుతాయి, పీహెచ్ మెల్లగా దిగుతుంది, నైట్రేట్ పేరుకుంటుంది. పాత చేపలు రోజుకింత చొప్పున అలవాటు పడ్డాయి. కొత్త చేప నేరుగా అందులో పడుతుంది. తొందరపడి ఒక్కసారి సగం నీళ్ళు మార్చకండి. పీహెచ్ 6 నుంచి 8కి ఎగిరితే అప్పటిదాకా అణగి ఉన్న అమ్మోనియా విషమై పాత చేపలు కూడా పోతాయి. రెండు రోజులకొకసారి పదో వంతు చొప్పున మూడు వారాలు మార్చి, ఆ తరవాత వారానికి పావు వంతుకి రండి.

ఫిల్టర్ కుళాయి కింద తళతళలాడేలా కడిగాను. మూడో రోజు నుంచి చేపలు డీలాపడ్డాయి.

మీరు కడిగేసిన ఆ గోధుమరంగు జిగురే తొట్టిని కాపాడుతున్న బాక్టీరియా. క్లోరిన్ నీళ్ళు దాన్ని చంపేస్తాయి. వారం పది రోజులు రోజూ అమ్మోనియా చూసుకుంటూ పావు వంతు నీళ్ళు మార్చండి. ఇకపై స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీటిలోనే రెండుసార్లు పిండండి, చాలు.

## మందులు, చివరి నిర్ణయాలు

షాపులో నీలం మందు, పసుపు మందు రెండూ ఇచ్చారు. కలిపి వేయనా?

జబ్బు పేరు తెలియకుండా ఏదీ వేయకండి. నీలం మందు సాధారణంగా మిథిలీన్ బ్లూ. బూజుకీ, గుడ్లకీ విడి టబ్బులో వాడతారు. తొట్టిలో పోస్తే గాజు అతుకుల సిలికాన్ నీలమై అలాగే ఉండిపోతుంది, ఫిల్టర్ బాక్టీరియా దెబ్బతింటుంది. మనుషుల యాంటీబయాటిక్ మాత్రలు విప్పి పోయమంటే ఒప్పుకోకండి. ఏ మందు వేసినా ఫిల్టర్‌లో కార్బన్ తీసేయండి, లేకపోతే మందుని అదే పీల్చేస్తుంది. వీధి చివరి బాదం చెట్టు ఎండుటాకు ఒకటి కడిగి తొట్టిలో వేయొచ్చు. నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి, అది హాని చేయదు. ఫైటర్‌కి ఇష్టం కూడా.

సక్కర్ ఫిష్ అడుగు పొడవైంది, తొట్టి పట్టట్లేదు. పక్క చెరువులో వదిలేస్తే పుణ్యం కదా?

దయచేసి వదలకండి. నాచు తింటుందని వేలెడంత ఉన్నప్పుడు అమ్మిన ఈ చేప పుట్టిల్లు దక్షిణ అమెరికా. మన చెరువుల్లో దీన్ని తినే చేప దాదాపు లేదు. ఒంటి నిండా ముళ్ళ కవచం, ఆక్సిజన్ లేని మురుగులోనూ గాలి మింగి బతుకుతుంది. ఆంధ్రాలో చేపల రైతులు దీన్ని దెయ్యం చేప అంటారు. వల చింపుతుంది, పెంచుకున్న చేపల మేత తినేస్తుంది. కొన్న షాపుకి తిరిగి ఇవ్వండి, పెద్ద తొట్టి ఉన్నవాళ్ళని అడగండి. ఇది ఏ తొట్టి చేపకైనా వర్తిస్తుంది. తొట్టి నీళ్ళూ, మొక్కలూ కూడా చెరువులో పోయకండి. ఆ నీళ్ళు పూలకుండీలకి పోయండి, నైట్రేట్ వాటికి ఎరువు.